పాటలు వింటుండు, పిలవకుండ్రి

“గేటు కాడ్నే నిలవడ్డవేంది తమ్మీ? లోపలికి రా,” అంది కమలాబాయి.

బత్తాయిల సంచి పట్టుకుని విజయేందర్ పక్కింటి గడప దాటాడు. వెనకే కూతురు వసుధ. ఎదురుగా మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టిన కమలాబాయి భర్త పర్వతాలు. నిన్ననే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది, మూతి ఒక పక్కకు పోయింది. విజయేందర్‌ను చూడగానే ఆయన ఆత్రంగా నోరు తెరిచాడు. ఊపిరి తప్ప మాట రాలేదు.

పర్వతాలు మాటల పుట్ట అని నేరేడ్‌మెట్‌లో ఆ వీధి వీధికంతా తెలుసు. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. కథ మొదలుపెట్టాడంటే సికింద్రాబాద్‌లో ఎక్కించుకున్నవాణ్ణి కాజీపేటలో గానీ దించడు. పొద్దున వాకింగ్‌లో ఆయనకు రోజూ దొరికేది విజయేందరే. షుగర్ వచ్చింది, నడవక తప్పదు. నడిస్తే పర్వతాలు తప్పడు.

ఆరు నెలల కిందట వసుధ తన మొదటి జీతంతో తండ్రికి చెవుల నిండా కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్స్ కొనిచ్చింది. వాటిని చూసి పర్వతాలు ఎంత మురిసిపోయాడో! “పాటలు వింటుండు, పిలవకుండ్రి,” అని తోవలో నలుగురికీ తానే చెప్పేవాడు. తను కూడా చెయ్యి ఊపి ఊరుకుని, నాలుగడుగులు వెనకే నడిచేవాడు.

అలాంటి మనిషి పక్షవాతం కమ్మిన ఆ పొద్దున పిలిచాడు. కంటోన్మెంట్ గోడ పక్కన కాలు పట్టు తప్పి కూలబడి, ముందు పోతున్న విజయేందర్‌ను పిలిచాడు. విజయేందర్ ఆగలేదు. గోడ మలుపు తిరిగి వెళ్లిపోయాడు. చివరికి పాలు పోసే అతను చూసి ఆటోలో వేసేసరికి గంట దాటిపోయింది.

“డాక్టర్ ఏమన్నడు వదినె?” అన్నాడు విజయేందర్, నేల చూపులు చూస్తూ.

“జెర ముందుగాల తెస్తే మాట పోకపోతుండె అన్నడు.” కమలాబాయి కొంగుతో భర్త మూతి తుడిచింది. “ఆటోల ఎక్కించేటప్పుడు సుత మాట ఉండెనంట. ‘విజయేందర్‌ను పిలిచిన, పాపం వినపడలే’ అన్నడంట. గదే ఆఖరు మాట.”

విజయేందర్‌కు ఆమె ముఖం చూసే ముఖం లేకపోయింది. యాభై నాలుగేళ్లొచ్చాయి, ఇంత సిగ్గు ఎన్నడూ ఎరగడు. భూమి విచ్చితే బత్తాయిల సంచితో సహా దూరిపోయేవాడే.

వసుధ మంచం పక్కన కూలబడి ఏడ్చేసింది. “తప్పు నాది పెద్దమ్మా. నేనే కొనిచ్చిన. గవి పెట్టుకొని రోడ్డు మీద నడవొద్దని అందరు చెప్తనే ఉన్నరు. వెనక బండొచ్చినా, కుక్కొచ్చినా తెల్వదని. డాడీకి ఏమన్న అయితదేమో అని భయపడ్డ గని, పెదనాన్నకు గిట్ల అయితదని అనుకోలే.”

పర్వతాలు ఎడమ చెయ్యి చాపి ఆ పిల్ల తల నిమిరాడు. తర్వాత విజయేందర్ మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. తన చెవి చూపించి, పోనీలెమ్మన్నట్టు చెయ్యి విసిరాడు. ఆ కళ్లలో కోపం ఇసుమంత కూడా లేదు. ఉంటే బాగుండునని విజయేందర్‌కు అనిపించింది.

“వదినె, ఆ పొద్దున నేను...”

“ఇడువు తమ్మీ. చెవులకు గవి ఉంటే ఎవ్వలు మాత్రం ఏం జేస్తరు? నిన్నొక్క మాటంటే నా కండ్లు పోతయి.”

విజయేందర్ కమలాబాయి పెట్టిన చాయ్ తాగకుండా, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆదివారం కాలనీ మీటింగ్ ఉందని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నడిస్తే వచ్చే ప్రమాదాల గురించి విజయేందరే నాలుగు మాటలు చెప్పాలని ప్రెసిడెంట్ రామ్మోహనరావు అక్కడికే ఫోన్ చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆ కాలనీకి కొత్తేం కాదు. విజయేందర్ ‘సరే’ అన్నాడు. కాదనడానికి కారణం చెప్పాలి కదా.

లేచేటప్పుడు వసుధ అంది, “పెద్దమ్మా, పెదనాన్నతోని రోజూ మాటలు పలికియ్యాలన్నరు గద. పొద్దుమాపు నేనొస్త. కంపెనీ బెంగళూర్ ఆఫీసుకు పొమ్మన్నది గని పోను, వద్దని చెప్పేస్త.”

ఆ బెంగళూరు కోసం ఆ పిల్ల ఎన్ని రాత్రులు మేలుకుని పని చేసిందో విజయేందర్‌కు తెలుసు.

ఇంటికి రాగానే వసుధ హెడ్‌ఫోన్స్ తీసుకుని ఒక ప్లాస్టిక్ కవర్లో పడేసింది, చెత్తబండికి ఇవ్వడానికి. విజయేందర్ ఆమె వెనకే నిలబడ్డాడు. చెప్పెయ్యాలి. ఇప్పుడు చెప్పకపోతే పిల్ల బతుకు మీద ఈ బరువు అట్లాగే ఉండిపోతుంది.

“వసుధా, బెంగళూర్ పో బిడ్డా. ఇందుల నీ తప్పేం లేదు.”

“మరి ఎవరిది డాడీ?”

ఆమె కళ్లు తుడుచుకుంటూ తండ్రి వైపు తిరిగింది.

“నీది అంటవా? వినపడితే ఉరికిపోయి లేపుదువు. నువ్వెట్లాంటోనివో నాకు తెల్వదా?”

కూతురు అంత నమ్మకంగా చూస్తుంటే విజయేందర్ ప్రాణం చచ్చిపోయింది. చెప్పాలనుకున్న మాట మింగేసి, అవునన్నట్టు తల ఊపాడు.

వసుధ కవరుకు ముడి వేసింది. “నీకు ఇష్టమని పాత పాటలన్నీ ఏరి ఏరి ఎక్కించిన డాడీ. గవే గింత పని జేసినయ్.”

విజయేందర్ వాటిలో ఒక్కనాడూ పాట పెట్టుకోలేదు.