కడగని కప్పు

మా గ్వాంగ్‌జౌకి ఎవడు కొత్తో కనిపెట్టడానికి నాకు ఒక్క టీ కెటిల్ చాలు. మేం మొదట పోసిన టీతో కప్పూ గిన్నే కడిగి, బల్ల మీది తొట్టిలో పారబోస్తాం. కొత్త వెధవ దాన్ని గుటగుటా తాగేస్తాడు.

ఆ ఉదయం టీ హోటల్లో నా బల్ల దగ్గరే, ఖాళీ కుర్చీలో కూర్చున్న ముసలాయన సరిగ్గా ఆ పనే చేశాడు.

"ఏం పెద్దాయనా, ఏ పల్లె నుంచి దిగావు?" అన్నాను నా కప్పు కడుగుతూ. "వంటింట్లో వాళ్ల చేతులు ఎలా ఏడుస్తాయో ఏమో! ఇరవై ఏళ్లుగా వస్తున్నా. ఒక్కరోజైనా కడక్కుండా తాగలేదు."

"తెలుసు బాబూ. వంటింటి కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి."

నా చెయ్యి తొట్టి మీదే ఆగిపోయింది.

"ఇలా ముందు గదిలో కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. కప్పులు కడిగే పని నిన్నటితో మానేశాను. ఇవాళ్టి కప్పులు నిన్న రాత్రి నేను కడిగినవే," అంటూ ఆయన ఇంకో గుక్క తాగాడు. "రేపటి నుంచి మాత్రం గట్టిగా కడుక్కో. నా చోట వచ్చిన కొత్త కుర్రాడికి నా అంత శుభ్రం లేదు."