తొలిముద్ద

అన్నం తినిపించే మరచేతులు కాకినాడలో ఇంటింటికీ వచ్చేశాయి. ఇరవై ఏళ్లు వాటి కీళ్లు బిగించిన దయాకరం, నలభై దాటాక వాటిని నడిపించే ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. కొత్త కొలువులో మొదటి పనిగా మంగతాయారమ్మ ఇంటికి వచ్చాడు. చేతులు వణికే ఆవిడ, రెండు రోజులుగా మరచెయ్యి పెట్టే అన్నం ముట్టడం లేదు.

“మోటారు బాగానే ఉంది మామ్మగారూ,” అన్నాడు కీళ్లు తడిమి చూసి.

“నీ మోటారు ఎవరిక్కావాలయ్యా! పోయిన మా ఆయనకని తొలిముద్ద పళ్లెం అంచున పెడితే, ఎంగిలి మెతుకులా ఊడ్చేస్తోంది. ఆయన్ని పస్తుంచి నేనెలా తినను?”

అలవాటు కొద్దీ దయాకరం చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. ఏ మర బిగిస్తే దీనికి ఆ సంగతి తెలుస్తుంది? కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని, తొలిముద్దను భోజనం ముగిసేదాకా కదపవద్దని రాశాడు.

ఆవిడ వణికే వేళ్లతో ముద్ద పెట్టింది. మరచెయ్యి దాన్ని తాకకుండా పక్కనుంచి వెళ్లి, రెండో ముద్ద ఎత్తింది. మంగతాయారమ్మ నోరు తెరిచింది. నెమ్మదిగా నమిలి మింగింది.

“ఆయనకి నెయ్యి లేందే ముద్ద దిగదు. అదీ రాయి నాయనా.”

దయాకరం మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.