పగడానికి తోడు

సముద్రం మరీ వేడెక్కాక పగడాలన్నీ ఇళ్ళలోకి వచ్చేశాయి. భీమిలిలో ఇప్పుడు ప్రతి వరండాలోనూ ఒక ఉప్పునీళ్ళ గాజు తొట్టె, అందులో పువ్వులా విచ్చుకునే పగడం. ఎవరిదైనా చచ్చిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళి, పెరుగు తోడు అడిగినట్టు చిన్న ముక్క అడుగుతారు.

వరహాలమ్మ ఇంట్లోని ఊదారంగు పగడం లాంటిది మాత్రం ఊళ్ళో ఇంకెవరికీ లేదు. అది కొన్నాళ్ళుగా ముడుచుకుపోయి, అంచుల్లో తెల్లబడుతోంది.

"ఎండకి నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపి మరీ పోస్తన్నాను కదే," అంది వరహాలమ్మ, కోడలు హిమజతో. "సముద్రం పిల్లకి సప్పటి నీళ్ళు పడతాయేటి?"

హిమజ వంగి తొట్టెలోకి చూసింది. ఇంతలో పొయ్యి మీది చేపల పులుసు గుర్తొచ్చి లోపలికి పరిగెత్తింది. అది బాగా ఇగిరిపోయింది. రుచి చూసి మొహం చిట్లించింది.

"ఉప్పు కషాయం అయిపోయింది, అత్తా!"

"ఇగిరింది నీళ్ళే గానీ ఉప్పెక్కడికి పోద్ది? కాసిన్ని మంచినీళ్ళు..." అంటూనే వరహాలమ్మ ఆగిపోయింది. ఇద్దరూ వరండా వైపు చూశారు.

ఆ రోజు నుంచి తొట్టెలో నీళ్ళు కొంచెం కొంచెంగా తోడేసి, మంచినీళ్ళు పోస్తూ వచ్చారు. ఒక పొద్దున్న పగడం ఒక్కొక్క వేలే చాచింది. ఏం వెతుకుతోందో అని అత్తాకోడళ్ళు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

పక్కింటి కాసులమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "పిన్నీ, మా పగడం సచ్చిపోయింది. కాస్త తోడు పెడతావా?"

"పెడతానే," అంది వరహాలమ్మ, చూపు తిప్పకుండానే. "ముందు ఇది సెప్పు. నీ పులుసు ఇగిరిపోతే ఏటి పోస్తావు?"