గెడ్డలో పడ్డ మనిషి

"అమ్మా, సెప్పులు ఇప్పేసి సేత్తో పట్టుకోండి. రాళ్ళు జారతాయి," అన్నాడు సోంబరు.

సత్యకుమారి చెప్పులు విప్పింది. ముందు కొత్తగా పెళ్ళయిన జంట కిలకిలా నవ్వుకుంటూ దిగుతోంది. వాళ్ళ వెనక విశాఖపట్నం నుంచి వచ్చిన ఇద్దరు లెక్చరర్లు. అందరినీ ఒక జట్టుగా కలిపి, సోంబరును దారి చూపించమని అరకులో గెస్ట్‌హౌస్ వాళ్ళు పంపారు. జలపాతానికి రోడ్డు లేదు. కాఫీ తోటల్లోంచి దిగి, గెడ్డ అని పిలిచే కొండవాగు ఒడ్డు పట్టుకుని పైకి నడవాలి.

"ఒక్కరే వచ్చారా ఆంటీ?" కొత్త పెళ్ళికూతురు అడిగింది.

"ఒక్కదాన్నేనమ్మా."

ఆ పిల్ల తన జడలోని చామంతి దండ కాస్త తుంచి ఇవ్వబోయింది. సత్యకుమారి వద్దన్నట్టు తల ఊపింది. ఆమె సంచిలోనే మూరెడు బంతిపూలున్నాయి. అవి తలలో పెట్టుకోడానికి తెచ్చినవి కావు.

1996 వానాకాలంలో ఆమె భర్త సూర్యనారాయణ ఈ జలపాతం చూడ్డానికే వచ్చాడు. స్నేహితుడు జగదీష్ తోడు. అప్పుడామెకు నెలలు నిండాయి. "పురుడయ్యాక నిన్నూ తీసుకెళ్తాలే," అని చెప్పి విజయనగరంలో బస్సెక్కాడు. మూడోనాడు జగదీష్ ఒక్కడే తిరిగొచ్చాడు. రాతి మీద కాలు జారిందన్నాడు. గెడ్డ లాక్కుపోయిందన్నాడు. ఎంత వెదికినా శవం దొరకలేదన్నాడు.

దర్భలతో బొమ్మ చేయించి, దగ్గరుండి కర్మ జరిపించింది జగదీషే. పోలీసు కాగితాల పనీ అతనే చూసుకున్నాడు. పాప పుట్టాక ఆమెకు బళ్ళో టీచరు ఉద్యోగం చూపించిందీ అతనే. సొంత అన్న కూడా అంత చెయ్యడు. ఒక్క విషయంలో మాత్రం మొండిపట్టు.

"అక్కడికెళ్తానని మాత్రం అనకు చెల్లెమ్మా. మేకలు కూడా దిగలేని దారి. చూసి తట్టుకోలేవు."

ఎనిమిదేళ్ళు అతని మాట విన్నది. ఈసారి చెప్పకుండా బయల్దేరింది.

దారి ఇలా ఉంటుందనుకోలేదు. నెత్తిన కట్టెలమోపులతో ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ ఎదురొస్తున్నారు. మలుపు తిరగ్గానే గెడ్డ పక్కన ఇళ్ళు. అరుగు మీద రాగులు ఎండుతున్నాయి.

"ఈ ఊరు ఎప్పట్నుంచి ఉంది బాబూ?"

"మా తాతలకాడి నుంచీ ఉందమ్మా. అదిగో, ఆ రేకుల ఇల్లు నాదే."

చుట్టుపక్కల పిలిస్తే పలికే దిక్కు లేదని చెప్పాడు జగదీష్.

ఒక్క కేక వేసి ఉంటే ఈ ఊరంతా గెడ్డలోకి దిగేది. అతను వెయ్యలేదన్నమాట. నీళ్ళలో కొట్టుకుపోతున్న స్నేహితుణ్ణి వదిలేసి, భయపడి పారిపోయి వచ్చాడన్నమాట. అలాంటి మనిషిని అన్నయ్యా అని పిలిచింది. తన చేత్తో అన్నం వడ్డించింది.

చెట్లు తప్పుకుని జలపాతం కనిపించింది. కొత్త జంట కేరింతలు కొడుతూ నీళ్ళలోకి పరిగెత్తింది. సత్యకుమారి దూరంగా ఒక రాయి మీద కూర్చుని పూలు వదిలింది. అవి రాళ్ళ మధ్య కాసేపు తచ్చాడి, కిందికి కొట్టుకుపోయాయి. ఆమెకు ఏడుపు రాలేదు. జగదీష్ మీద కోపమే వచ్చింది.

సోంబరు దగ్గరకొచ్చాడు. "ఎవురికమ్మా పూలు?"

"ఎనిమిదేళ్ళ కిందట ఇక్కడ ఒకాయన పడిపోయాడట. నీకు తెలుసా?"

"ఎవురు, సూర్నారాయణ బాబా? తెలకపోడమేటి! నేనూ మా తమ్ముడే కదా పైకి లాగింది. ఆ దిగువన మద్దిమాను ఏళ్ళకి తగులుకుని ఉన్నాడు."

ఆమె గబుక్కున లేచి నిలబడింది.

దొరికాడు! శవం దొరికింది. జగదీష్ అదీ దాచాడు. తను చేసిన పాపం ఎక్కడ బయటపడుతుందోనని ఆఖరిచూపు కూడా దక్కనివ్వలేదు. తాళి కట్టినవాడి బదులు గడ్డిబొమ్మకు కొరివి పెట్టించాడు.

"ఎక్కడ పూడ్చారు?" అని అడిగింది. "ఆ చోటు చూపించు బాబూ. ఒక్కసారి దండం పెట్టుకుని వెళ్ళిపోతాను."

సోంబరు తెల్లబోయి చూశాడు.

"పూడ్సడమేటమ్మా, కాలిరిగింది గానీ మనిషి బతికే ఉన్నాడు, మర్నాడే ఆ జగదీష్ బాబు జీపులో సూర్నారాయణ బాబు పెళ్ళాన్నీ పిల్లల్నీ ఎంటబెట్టుకొచ్చి ఇంటికి తీసుకెల్లిపోనాడు కదా!"