తుస్సు పెట్టిన బ్యాకప్

"బ్యాకప్ పెట్టించండి మహాప్రభో!" అని స్టూడియో ఓనరు భార్య మొత్తుకోవడం కొత్తేం కాదు. పక్కనున్న జిరాక్స్ షాపు కంప్యూటర్ ఉన్నట్టుండి చచ్చి ఊరుకున్న దగ్గర్నుంచీ ఆవిడకి కంటిమీద కునుకు లేదు. వీళ్లకున్నదీ ఒక్కటే కంప్యూటర్. జనాల పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పాస్‌పోర్టు మొహాలు అన్నీ అందులోనే.

ఓనరు ఏనాడూ చెవిన పెట్టలేదు. అలాంటిది ఆ సోమవారం తనంతట తనే అన్నాడు.

"సరే, పెట్టిద్దాం. మీ తమ్ముడితో."

పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్న ఆవిడ చేతిలోంచి కత్తెర జారిపోయింది.

"మా తమ్ముడా? తుస్సా?"

వాడి అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తులేదు. వాడు కుళాయి బాగుచేస్తే వంటిల్లు చెరువైంది. ఫ్యాన్ బిగిస్తే గాలి పైకి పోయింది. ముట్టుకున్న పనల్లా తుస్సుమంటుంటే జనం ఇంకేమని పిలుస్తారు?

"కంప్యూటర్ షాపాయన ఊరికే చేసిపెడతానన్నాడు కదండీ!"

"పరాయివాళ్లెందుకే? మనం నమ్మకపోతే వాణ్ని ఇంకెవరు నమ్ముతారు?"

ఆవిడ కళ్లు చెమర్చాయి. పెళ్లయ్యాక మొదటిసారి మొగుడు దేవుడిలా కనిపించాడు.

తుస్సు వచ్చాడు. వీడియోలు చూసి చూసి కళ్లు వాచిపోయి వచ్చాడు.

"బావా, ఒక కాపీ ఈ బయటి డిస్కులో, ఇంకోటి ఆన్‌లైన్‌లో. రోజూ సాయంత్రం దానంతటదే ఎక్కేస్తుంది. ఏయే ఫోల్డర్లు పెట్టమంటావు?"

"నీ ఇష్టంరా."

"పోనీ, అన్నీ వెనక్కి వస్తాయో లేదో ఓసారి పరీక్షించి చూద్దామా?"

"ఛఛ, అక్కర్లేదు. నీమీద నాకు పూర్తి నమ్మకం."

ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరి నోటా వినలేదు తుస్సు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఓనరు మాత్రం సీపీయూ మీద బోసిగా ఉందని పూలకుండీ తెచ్చి పెట్టి, దాన్నిండా నీళ్లు పోశాడు. ఫొటోగ్రాఫరు కదా, కళాపోషణ ఎక్కువ.

అప్పుడే బాక్సింగ్ కోచ్ తలుపు తోసుకుని వచ్చాడు. నెలకిందట ఆయన కూతురి పెళ్లికి ఫొటోలు తీసింది మన ఓనరే. తోడెవరూ అక్కర్లేదని ఒక్కడే వెళ్లాడు.

"ఏమయ్యా, ఫొటోలేవి? శనివారం మా వియ్యాలవారు వస్తున్నారు. ఆ రోజుకి చూపించకపోయావో..."

కోచ్ మాట పూర్తిచెయ్యలేదు. తన పిడికిలి వంక చూసుకున్నాడు. ఓనరూ అటే చూశాడు.

"ఎడిటింగ్‌లో ఉన్నాయి సార్! అమ్మాయి అచ్చం హీరోయినే!"

శనివారం షాపు తెరవడానికి ఓనరు అందరికంటే ముందే వెళ్లాడు. భార్యా, తుస్సూ వచ్చేసరికి కుండీ బోర్లాపడి ఉంది. సీపీయూ నీళ్లు కారుస్తోంది.

"పిల్లి! దిక్కుమాలిన పిల్లి!" అని గోలపెడుతున్నాడు.

ఆ వీధిలో పిల్లిని ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆ మాట ఎవరైనా అనేలోపే కోచ్ వియ్యంకుణ్ని వెంటబెట్టుకుని దిగాడు.

"కొంప మునిగింది సార్!" ఓనరు గుండెలు బాదుకున్నాడు. "బ్యాకప్ ఉందిగా అని ధీమాగా ఉన్నా. కానీ అది పెట్టింది వీడు!"

వేలు తుస్సు వైపు చూపించాడు. ఇక వేరే సాక్ష్యం ఎందుకు? కోచ్ చొక్కా చేతులు మడుస్తూ అటు తిరిగాడు. అక్క పరుగున వెళ్లి తమ్ముడికి అడ్డం నిలబడింది.

"నువ్వుండక్కా," అని తుస్సు సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. "బావా, నువ్వు వద్దన్నావు గానీ నాకు మనసొప్పలేదు. రాత్రే ఇంట్లో పరీక్ష పెట్టా. అన్ని ఫోల్డర్లూ వెనక్కొచ్చాయి. ఒకళ్ల ఫొటోలు మనం చూడకూడదని తెరవలేదంతే."

అక్క బావురుమంది, సంతోషంతో. కోచ్ తుస్సుని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. ఓనరు స్టూలు మీద కూలబడిపోయాడు. ఒళ్లంతా చెమటలు.

"పాపం, ఆనందం తట్టుకోలేకపోతున్నాడు," అన్నాడు వియ్యంకుడు.

అందరూ తెర చుట్టూ మూగారు. తుస్సు కాలరు సర్దుకుని, 'కోచ్ గారమ్మాయి పెళ్లి' అన్న ఫోల్డరు తెరిచాడు.

పెళ్లినాడు కెమెరాలో కార్డు వెయ్యడం మరిచి రోజంతా ఉత్తుత్తి క్లిక్కులు కొట్టొచ్చిన బావ దాన్ని ఎలా పెట్టాడో అలాగే, ఒక్క ఫొటో కూడా లేకుండా, చెక్కుచెదరకుండా ఉంది.