మొదటి పాఠకురాలు

“నేను రాసే ప్రతి మాన్యువలూ ముందు మా అక్కకే చూపిస్తాను. తనకి అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే!”

వేదిక మీంచి చెల్లెలు అనేసరికి సాంకేతిక రచయితల సదస్సు చప్పట్లతో మారుమోగింది.

“అయితే అక్కగారినే ఒకటి చదివి, అందులో ఉన్నట్టు చేసి చూపించమనండి,” అన్నారెవరో సభలోంచి.

ముందు వరసలోంచి అక్క వచ్చింది. బల్ల మీదున్న, రక్తంలో షుగరు చూసే మిషన్ చేతిలోకి తీసుకుంది. దాన్ని వాడే పద్ధతి మీద చెల్లెలు రాసిన మాన్యువల్ తెరిచి, అలాగే నిలబడిపోయింది.

చెల్లెలు మైకు పక్కన పెట్టింది. “ఏంటక్కా? అడిగినప్పుడల్లా అర్థమైందన్నావుగా?”

“నువ్వంత ఆశగా అడుగుతుంటే కాలేదని ఎలా చెప్పనే?”

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. తనని చదివించడానికి బడి మానేసిన అక్కని ఇన్నేళ్లూ అడగడమే తప్ప, ఆమె చేస్తుంటే ఒక్కసారీ పక్కన కూర్చుని చూడలేదు.

“ఎక్కడ ఆగిపోయావక్కా?”

“మొదటి వాక్యం దగ్గరే,” అంది అక్క, తప్పంతా తనదే అయినట్టు.