మీసం మీద ఓటు

ఎన్నికలు ప్రకటించిన నాటి నుంచీ అర్జునరావు ఫ్యాను కింద కూర్చోవడం మానేశాడు. సైకిల్ని గొలుసు వేసి పెరట్లో కట్టేశాడు. ఎవరైనా టీ గ్లాసులో పోసిస్తే ముట్టడు, కప్పు ఉందా అని అడుగుతాడు. పలకరిస్తే చెయ్యి ఊపడు, గడ్డం ఊపుతాడు. కొడవలి అటకెక్కింది. మనవరాలు తామరపువ్వు బొమ్మ గీస్తే, దగ్గరుండి దాన్ని బంతిపువ్వుగా దిద్దించాడు.

అవన్నీ ఏదో ఒక పార్టీ గుర్తులే మరి.

ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక అర్జునరావు 'ఓటరు మిత్రులు' సంఘంలో చేరాడు. వీధుల్లో క్లాసులు పెట్టి, ఏ పార్టీ వైపూ మొగ్గకుండా జనం చేత ఓటేయించడం వాళ్ల పని. సంఘం పెద్ద అనూరాధ, మధురవాడలో లెక్చరరు, మొదటి మీటింగులోనే తేల్చి చెప్పింది: "పోటీలో ఉన్నవాళ్ల పేరు ఎవరూ ఎత్తకూడదు. ఇంట్లో కూడా. తప్పనిసరైతే మెషీను మీద నెంబరు చెప్పండి."

పోటీలో ఉన్నది ఏడుగురు. అర్జునరావు మాట తప్పే మనిషి కాదు కాబట్టి, మనమూ నెంబర్లతోనే సరిపెట్టుకుందాం.

అక్కడితో ఊరుకుంటే పోయేది. అదే మీటింగులో మీసం దువ్వి, "మా వీధిలో నూటికి నూరు మందీ ఓటేస్తారు మేడమ్. ఒక్కడు తగ్గినా సింహాచలం కొండకెళ్లి ఈ మీసం అప్పన్నకిచ్చేస్తాను" అన్నాడు.

అది అలాంటిలాంటి మీసం కాదు. సర్వీసంతా కోక్ ఓవెన్ల ముందు నిలబడినా ఒక్క వెంట్రుక కమలలేదు. దాన్ని చూసి ఓవెనే జంకి చల్లారిందని వాళ్ల ఊరు పెదగంట్యాడలో చెప్పుకుంటారు. మొదట చెప్పింది అర్జునరావే అనుకోండి.

పోలింగు రోజు సాయంత్రానికి వీధి వీధంతా ఓటేసొచ్చింది. మంచం దిగలేని మంగాయమ్మ సైతం కుర్చీలో ఊరేగి వెళ్లి, వేలికి సిరా పూయించుకొచ్చింది. మిగిలింది ఒక్కడు. దొరబాబు.

సముద్రంలో వేట నిషేధం రోజులు. దొరబాబు బనీనుతో అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

"బావా, ఐదున్నర దాటిపోయింది, ఆరుకి గేటు మూసీత్తారు. సొక్కా ఏసుకో" అన్నాడు అర్జునరావు.

"నానెయ్యను బావా."

"సొక్కానా, ఓటా?"

"రెండూను."

పొద్దుటి నుంచీ ఇదే వరస. అర్జునరావుకి ఒళ్లు మండిపోతోంది.

"అసలు నీ బాదేటి?"

"నీ కళాసులే నా కొంప ముంచినాయి. ఆలోసించి, మంచోడని నమ్మకం కుదిరితేనే ఎయ్యమన్నావా, నేదా?"

"అన్నాను."

"ఆలోసించాను. ఒక్కడి మీదా కుదర్నేదు. ఆరుగురి సంగతీ పేపర్లో సదివాను. ఆ ఏడోవోడికి పేపరక్కర్నేదు, పుట్టినకాడ్నించీ ఎరుగుదును. ఒట్టి బద్దకస్తుడు. నామినేషనేసొచ్చి ముసుగెట్టి పడుకున్నాడు. ఒక్క గుమ్మం ఎక్కినాడా?"

అర్జునరావు రెండు చెవులూ మూసుకున్నాడు. ఇలాంటివి వినడం కూడా రూలుకి విరుద్ధమేమోనని అతని అనుమానం.

"పోనీ నోటా ఉంది గదా. ఎవులూ నచ్చనేదని అది నొక్కీసి రా."

"అదీ సూసుకున్నాను. సరిగ్గా ఏడోవోడి కిందే ఉంది. ఏలు జారిందనుకో, ఆడు నెగ్గీగల్డు."

"నీ ఒక్క ఓటుకే నెగ్గీత్తాడేటి?"

"ఒక్క ఓటుతో తలరాత మారిపోద్దని కళాసులో సెప్పిందెవులు బావా?"

అర్జునరావుకి ఏడుపొక్కటే తక్కువైంది. మీసం మెలెయ్యబోయి, ఇంకెంతసేపుంటుందో తెలియక, ఊరికే నిమురుకున్నాడు.

"నా మీసం పోద్ది బావా."

"పోతే పోనీ. అప్పన్నకే గదా, పున్నెం."

లోపలి నుంచి దొరబాబు భార్య నూకాలు చేట పట్టుకుని వచ్చింది. "ఆయనతో ఏటన్నియ్యా నీకు. నాను పొద్దున్నే ఏసీసొచ్చాను" అంటూ వేలు చూపించింది.

"నువ్వు బంగారం తల్లీ."

"ఎవులికేసానో సెప్పను. సెప్పకూడదని నువ్వే అన్నావు. ఆ ఏడోవోడికి మాత్రం ఎయ్యనేదు."

దొరబాబు చేతిలో వల ఆగిపోయింది. "ఎయ్యనేదా?"

"ఎందుకెయ్యాల? మన వీదిలో ఒక్కరూ ఎయ్యనేదంట. పక్కింటి సిట్టెమ్మత్త కూడాను."

దొరబాబు వీధి వైపు చూశాడు. గుమ్మాల్లో కూర్చున్న వాళ్లందరి వేళ్ల మీదా సిరా గీతలు.

"అయితే బావా," అన్నాడు గొంతు తగ్గించి, "ఆడికి ఒక్కటంటే ఒక్కటి పడదా?"

"ఆ మాట నాను సెప్పకూడదు."

దొరబాబు వల పక్కన పడేశాడు. లోపలికెళ్లి, ఫొటో దిగే రోజున తప్ప తొడగని గళ్ల చొక్కా తొడుక్కొచ్చాడు. తల దువ్వుకున్నాడు. "పద" అన్నాడు.

అర్జునరావు అతని రెక్క పట్టుకుని పరుగు లంకించుకున్నాడు. సైకిలుంటే ఇట్టే చేరేవాళ్లు. స్కూలు గేటు మూసేస్తుంటే సందులోంచి దూరి, దొరబాబుని బూతు గుమ్మంలోకి తోసి, బయట నిలబడి రొప్పుతూనే మీసం మెలేశాడు.

లోపల పోలింగు ఆఫీసరు తలెత్తి, దొరబాబు మొహాన్నీ చొక్కానీ మార్చి మార్చి చూసి, కుర్చీలోంచి లేచి, "రండి ఏడో నెంబరు గారూ, మెషీను మీద ఫొటోలో కూడా ఇదే చొక్కా కదండీ" అన్నాడు.